మడత బాకా: మాటను దూరం పంపే సాధనం రూపకల్పన

శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళినవారికి మైకుల హోరు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఊరూరి నుంచి వచ్చిన ప్రభలు కొండ కింద బారులు తీరి ఉంటాయి. వాటికి విద్యుద్దీపాలు, జనరేటర్లు, పైన కట్టిన లౌడ్ స్పీకర్ గొట్టాలు. ఆ హోరులోనే మధ్యమధ్య ఒక మాట వినిపిస్తుంది: ఫలానా రంగు గౌను వేసుకున్న పాప తప్పిపోయింది, మా దగ్గర ఉంది, వచ్చి తీసుకువెళ్ళండి అని.

చాలా ఏళ్ళ క్రితం జాతీయ సేవా పథకం విద్యార్థులతో కలిసి నేను ఆ తిరునాళ్ళలో ఒక రాత్రి పనిచేశాను. పదకొండు దాటాక మా శిబిరంలో జనరేటరు ఆగిపోయింది. మైకు మూగబోయిన పది నిమిషాలకే ఎవరో ఒక నాలుగేళ్ళ పాపను తెచ్చి అప్పగించారు. పేరు చెప్పింది. అమ్మ పేరు అడిగితే 'అమ్మ' అంది, ఊరి పేరు అడిగితే 'మా ఊరు' అంది. మా విద్యార్థులు గొంతు చించుకొని అరిచారు. ధ్వనిశాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి కదా, నేను ఒక పెద్ద చార్టు కాగితాన్ని శంకువులా చుట్టి ఇచ్చాను. చూడటానికి ఘనంగానే ఉంది. అరిస్తే మాత్రం కాగితం గరగరలాడింది, మంచుకు మెత్తబడి అరగంటలో వాలిపోయింది. పాప తల్లిదండ్రులు బండ్లు నిలిపిన చేలో వెతుక్కుంటున్నారు. మా శిబిరానికి అది మూడు వందల మీటర్ల దూరం కూడా ఉండదు. వారు మాకు దొరకడానికి రెండు గంటలు పట్టింది.

నా చార్టు బాకా ఎందుకు విఫలమయిందో, ఎలా చేసి ఉంటే పనిచేసేదో ఈ వ్యాసంలో చూద్దాం. ఇది పూర్తయ్యేసరికి, కరెంటు అవసరం లేకుండా, మడిచి సంచిలో పెట్టుకోగల బాకాను మీరే లెక్క కట్టి తయారు చేయగలుగుతారు. స్కేలు, పెన్సిలు, కాలిక్యులేటరు దగ్గర పెట్టుకొని చదవండి.

బాకా ఏమి చేస్తుంది?

పొలంలో మంచె మీద నిలబడి పక్క చేలో ఉన్నవాళ్ళను పిలిచేటప్పుడు మనం రెండు అరచేతులూ దొన్నెలా చేసి నోటి చుట్టూ పెట్టుకుంటాం. ఎవరూ నేర్పకుండానే వచ్చిన ఆ అలవాటే బాకాకు తొలి రూపం. చేతులు పెట్టినంత మాత్రాన మన ఊపిరితిత్తుల శక్తి పెరగదు. బాకా కూడా అంతే. అది బయటి నుంచి శక్తిని ఏమీ చేర్చదు. ఆంప్లిఫయరుకు కరెంటు కావాలి, బాకాకు అక్కరలేదు. అయినా మాట దూరం పోతుంది. ఈ చిక్కుముడి విప్పితే మిగిలిన రూపకల్పన అంతా దానంతట అదే వస్తుంది.

జొన్నచేలో పిట్టలను తోలడానికి వాడే వడిసెల మీలో కొందరైనా చూసే ఉంటారు. దానిలో రాయి పెట్టి తిప్పి వదిలితే చేయి ఇచ్చిన శక్తి రాయిలోకి పోయి అది దూరం దూసుకుపోతుంది. రాయికి బదులు దూదిపింజ పెట్టి, అదే బలంతో తిప్పి చూడండి. చేయి గాలిలో తిరుగుతుంది, పింజ పక్కనే రాలుతుంది. శక్తి ఇవ్వడానికి చేయి సిద్ధంగానే ఉంది, పుచ్చుకొనే బరువు పింజకు లేదు. నోటి ముందున్న విశాలమైన గాలి ఈ దూదిపింజ లాంటిది.

ఈ విషయాన్ని శాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, నోటిలోని గాలికీ బయటి గాలికీ ధ్వని అవరోధాలు పొసగవు. 300 హెర్ట్జ్ పౌనఃపున్యం గల ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 117 సెంటీమీటర్లు. (మన ప్రాంతపు వేడిగాలిలో ధ్వని వేగాన్ని సెకనుకు 350 మీటర్లుగా తీసుకుంటున్నాను. 350ని 300తో భాగించండి.) తెరిచిన నోటి వ్యాసం 4 సెంటీమీటర్లు. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే ద్వారం ఇంత చిన్నదైనప్పుడు, అక్కడికి వచ్చిన ధ్వనిలో చాలాభాగం బయటపడకుండా వెనక్కి పరావర్తనం చెందుతుంది. బయటపడిన కొద్దిపాటి ధ్వని కూడా ముందుకే పోక అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది.

బాకా ఈ రెండు నష్టాలనూ తగ్గిస్తుంది. సన్నని మూతి దగ్గర గాలి ఇరుకుగా ఉండి పీడనం ఎక్కువగా, కదలే గాలి పరిమాణం తక్కువగా ఉంటుంది. వెడల్పు మూతి దగ్గరకు వచ్చేసరికి పీడనం తగ్గి, ఎక్కువ గాలి కదులుతుంది. నోటిలోని తరంగానికి అంత చిన్న ద్వారం నుంచి ఒక్కసారిగా బయలులోకి దూకే అవస్థ తప్పి, మెట్టు మెట్టుగా బయటికి దిగే వీలు కలుగుతుంది. బయటపడ్డాక కూడా పెద్ద మూతి దాన్ని ఒక దిక్కుకు నడిపిస్తుంది. అన్ని దిక్కులకూ పోయే ధ్వనిని ఆ విస్తారంలో పదో వంతుకు పరిమితం చేశామనుకోండి. ఆ దిక్కున తీవ్రత పది రెట్లు, అంటే 10 డెసిబెల్‌లు పెరుగుతుంది. తీవ్రత దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది కాబట్టి, వంద మీటర్లలో వినిపించిన మాట ఇప్పుడు మూడు వందల మీటర్ల దాకా వినిపించాలి. మా శిబిరానికీ ఆ బండ్ల చేలకీ మధ్య దూరం అంతే.

కొమ్ముకూ బాకాకూ తేడా

బాకా అనగానే చాలామందికి జాతరల్లో, ఊరేగింపుల్లో ఊదే కొమ్ము గుర్తుకు వస్తుంది. వంపు తిరిగిన ఇత్తడి లేదా రాగి గొట్టం అది. దాన్ని ముక్కలుగా చేసి ఒకదానిలో ఒకటి బిగిస్తారు. తిరునాళ్ళ నుంచి తిరునాళ్ళకు నడిచిపోయే కళాకారుడికి మనిషంత పొడవు వాద్యాన్ని మోయడం కష్టం కాబట్టి ఈ ఏర్పాటు. టిబెట్ బౌద్ధారామాల్లో ఊదే పొడవైన బాకా కూడా ముక్కలు ఒకదానిలో ఒకటి జారిపోయి పొట్టిదయ్యేదే. మడిచి తీసుకుపోయే బాకా అనే ఆలోచన కొత్తదేమీ కాదన్నమాట.

అయితే కొమ్ము ఆకారాన్ని మనం అనుకరించకూడదు. కొమ్ములో స్వరం పుట్టాలంటే గొట్టంలోని గాలి అనునాదం చెందాలి. అందుకు ధ్వనిలో కొంత చివరిదాకా పోయి తిరిగి వెనక్కి రావాలి. అందుకే కొమ్ము చాలా దూరం సన్నగానే సాగి చివర్లో మాత్రమే విచ్చుకుంటుంది. మాట పంపే బాకాలో ఆ పరావర్తనమే మనకు శత్రువు. గొట్టం తన సొంత స్వరాన్ని మాటకు అంటగడితే, అది గట్టిగా వినిపిస్తుంది గాని అర్థం కాదు. బావిలో అరిచినట్టు ఉంటుంది. కొమ్ము నుంచి మనం తీసుకోవలసింది దాని అతుకును మాత్రమే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మాటను దూరం పంపడానికే బాకా చేసి, దాని గురించి పుస్తకం ప్రకటించినవారిలో ఇంగ్లండుకు చెందిన శామ్యూల్ మోర్లాండ్ ముఖ్యుడు. అది 1671 నాటి మాట. అప్పటికి లెక్క లేదు, చేసి చూడటమే. బాకా అడ్డుకోత వైశాల్యం పొడవునా మారుతున్నప్పుడు తరంగం ఎలా నడుస్తుందో చెప్పే సమీకరణాన్ని అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో ప్రచురించాడు. ఇప్పటికీ ఆ సమీకరణాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే గ్రామఫోను బాకాలు ఆ లెక్క ప్రకారం తయారు కావడం మొదలయింది. 1925లో విక్టర్ కంపెనీ తెచ్చిన ఆర్థోఫోనిక్ యంత్రంలో పొడవైన బాకాను పెట్టె లోపలే మడతలుగా తిప్పి అమర్చారు.

ప్రభల మీద మీరు చూసే లౌడ్ స్పీకర్ గొట్టం కూడా ఈ కోవదే. నడుమ ఉన్న సన్నని గొట్టంలో ధ్వని ముందుకు వచ్చి, ఒక మూతకు తగిలి వెనక్కి తిరిగి, మళ్ళీ మలుపు తీసుకొని పెద్ద మూతి గుండా బయటపడుతుంది. బయటికి కనిపించే పొడవు కంటే ధ్వని నడిచే దారి పొడవు ఎక్కువ. ఇక్కడ మడత పడింది ధ్వని దారి. గొట్టం మాత్రం ఎప్పటికీ గొట్టంగానే ఉంటుంది, సంచిలో పట్టదు. మనకు కావలసింది వాడేటప్పుడు పూర్తి పొడవుతో ఉండి, వాడనప్పుడు పలచగా అయ్యే బాకా.

కొలతలు ఎలా నిర్ణయించాలి?

మొదట అడగవలసిన ప్రశ్న: ఎంత తక్కువ పౌనఃపున్యం దాకా ఈ బాకా పనిచేయాలి? పురుషుల గొంతు మూల పౌనఃపున్యం వంద హెర్ట్జ్ పైచిలుకు ఉంటుంది, స్త్రీలది సుమారు రెండు వందలు. అంతవరకూ పోవాలని ఆశపడితే బాకా గది అంత అవుతుంది. అదృష్టవశాత్తు మాట అర్థం కావడానికి మూల పౌనఃపున్యం తప్పనిసరి కాదు. పాత టెలిఫోను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు మాత్రమే పంపేది. అయినా మనం దానిలో కాపురాలు చక్కదిద్దుకున్నాం. కాబట్టి 300 హెర్ట్జ్‌ను కింది హద్దుగా తీసుకుందాం.

ఇప్పుడు ఆకారం. అడ్డుకోత వైశాల్యం సమాన దూరాల్లో సమాన రెట్లు పెరుగుతూ పోయే ఆకారాన్ని ఘాతీయ బాకా అంటారు. దానికి ఒక కచ్చితమైన కింది హద్దు ఉంటుంది. అంతకంటే తక్కువ పౌనఃపున్యాలను అది దాదాపు పంపదు, పైవాటిని బాగా పంపుతుంది. సమీకరణంలోకి పోకుండా మీరు గుర్తుంచుకోదగిన రెండు సూత్రాలు చెబుతాను. ఒకటి, హద్దు పౌనఃపున్యపు తరంగదైర్ఘ్యంలో తొమ్మిదో వంతు దూరం నడిచే ప్రతిసారీ బాకా వ్యాసం రెట్టింపు కావాలి. రెండు, పెద్ద మూతి చుట్టుకొలత ఆ తరంగదైర్ఘ్యానికి సమానంగా ఉండాలి. అంతకంటే చిన్నదైతే మూతి దగ్గర మళ్ళీ పరావర్తనం మొదలవుతుంది.

మన లెక్కలో తరంగదైర్ఘ్యం 117 సెం.మీ. దానిలో తొమ్మిదో వంతు 13 సెం.మీ. పెద్ద మూతి వ్యాసం 117ను 3.14తో భాగిస్తే వచ్చే 37 సెం.మీ. సన్న మూతి 4 సెం.మీ. నుంచి మొదలుపెడితే 37కు చేరడానికి మూడు రెట్టింపులూ ఇంకో అయిదో వంతూ కావాలి. పొడవు సుమారు 41 సెం.మీ. ప్రతి 10 సెం.మీ.కు వ్యాసాలు వరుసగా 4, 6.9, 11.7, 20.1, 34.5 సెం.మీ. వస్తాయి. హద్దును 200 హెర్ట్జ్‌కు దించితే ఏమవుతుందో చూడండి: పెద్ద మూతి 56 సెం.మీ., పొడవు 73 సెం.మీ. వంద హెర్ట్జ్ కోసం బాకా దాదాపు రెట్టింపయింది. మాటలో స్పష్టత పెద్దగా పెరగదు, మోత మాత్రం పెరుగుతుంది.

ఇప్పుడు నా చార్టు శంకువు తప్పు లెక్కలో దొరుకుతుంది. మూతి ఎంత పెద్దదైతే అంత మంచిదనుకొని, 40 సెం.మీ. పొడవులోనే 4 నుంచి 60 సెం.మీ.కు విప్పాను. పెద్ద మూతి దగ్గర లోటు లేదు. సన్న మూతి దగ్గరే గొట్టం మరీ తొందరగా విచ్చుకుంది. అంత వెడల్పు కోణం గల శంకువులో, నోటి ముందు గాలి నుంచి దొరకవలసిన ఎదురుబలంలో సగమైనా దొరకాలంటే పౌనఃపున్యం సుమారు 1,900 హెర్ట్జ్ దాటాలి. ఆ కిందివాటికి నోరు దూదిపింజనే విసురుతూ ఉంది. శంకువు పనికిరాదని దీని అర్థం కాదు. కోణం తక్కువగా ఉంచిన పొడవాటి శంకువు బాగానే పనిచేస్తుంది. అదే పొడవులో ఘాతీయ ఆకారం ఎక్కువ పని చేస్తుంది, అంతే.

మడత ఎక్కడ పెట్టాలి?

మడత అంటే అతుకు. అతుకు మూడు రకాలుగా చెరుపు చేయవచ్చు: మెట్టు పడటం, గాలి కారడం, గోడ అదరడం. విద్యార్థులు ఎక్కువగా భయపడేది మొదటిదానికి. నిజానికి భయపడనక్కరలేనిది అదే. 4 సెం.మీ. వ్యాసం గల గొట్టం అతుకు దగ్గర ఒక్కసారిగా 4.4 సెం.మీ. అయిందనుకోండి. వైశాల్యం 1.21 రెట్లవుతుంది. పరావర్తనం చెందే కంపన పరిమితి భాగం 0.21ని 2.21తో భాగిస్తే వచ్చే 0.095. శక్తిలో చూస్తే దాని వర్గం, అంటే నూటికి ఒక పాలు కూడా కాదు. కాబట్టి ముక్కలు ఒకదానిలో ఒకటి దూరినప్పుడు పడే చిన్న మెట్లను అలాగే వదిలేయండి.

గాలి కారడం వేరు. ఒక మిల్లీమీటరు వెడల్పు, 10 సెం.మీ. పొడవు గల చీలిక వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు. సన్న మూతి మొత్తం వైశాల్యం పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లే. అక్కడ ఆ చీలిక పడితే ద్వారంలో నూటికి ఎనిమిది పాళ్ళు పక్కకు తెరిచినట్టు. పైగా పీడనం అత్యధికంగా ఉండేది అక్కడే. అదే చీలిక పెద్ద మూతి దగ్గర వెయ్యి చదరపు సెంటీమీటర్లకు పైగా ఉన్న వైశాల్యంలో లెక్కకే రాదు. అంటే సన్న మూతి వైపు మొదటి పది సెంటీమీటర్లలో మడతలు పెట్టకూడదు. ఆ భాగం ఒకే గట్టి ముక్కగా, చీలికలు లేకుండా ఉండాలి. మడతలన్నీ ఆ తర్వాతే.

గోడ అదరడం దీనికి ఎదురుగా పోతుంది. సన్న భాగంలో గోడ చిన్నది, సహజంగానే గట్టిగా ఉంటుంది. పెద్ద మూతి దగ్గర పీడనం తక్కువైనా గోడ విశాలంగా, పలచగా ఉండి సులువుగా కంపిస్తుంది. నా చార్టు గరగరకు కారణం అదే. ఆ గరగరకు ఖర్చయిన శక్తి మాటకు దక్కదు. కాబట్టి అక్కడ గోడకు అడ్డబద్దలు కావాలి.

ప్రయాణాల్లో వాడే మడత గ్లాసులా, నాలుగు కట్ల గొట్టాలు ఒకదానిలో ఒకటి జారిపోయేలా చేస్తే ఎలా ఉంటుందని మీరు అడగవచ్చు. నేనూ మొదట అదే గీశాను. మన కొలతల ప్రకారం నాలుగు కట్ల వాలు అక్షంతో వరుసగా 8, 14, 23, 36 డిగ్రీలు. రెండు ముక్కలు రాపిడితో బిగుసుకోవాలంటే వాలు ఒక హద్దు లోపల ఉండాలి. ఘర్షణ గుణకం 0.2 అయితే ఆ హద్దు 11 డిగ్రీలు. మొదటి కట్టు చక్కగా బిగుసుకుంటుంది, రెండోది అనుమానమే, మిగిలిన రెండూ జారిపోతాయి. కొమ్ము ముక్కలు నిలిచేది వాటి వాలు చాలా తక్కువ కాబట్టి. ఆ లెక్క చూశాక బాకాను రెండుగా విడదీశాను: సన్న భాగానికి కొమ్ము పద్ధతి, వెడల్పు భాగానికి పలకలుగా మడిచే పద్ధతి.

చేసి చూడండి

పలకలుగా మడవాలంటే అడ్డుకోత గుండ్రంగా కంటే చతురస్రంగా ఉంటే సులువు. ధ్వనికి ముఖ్యం వైశాల్యమే. వ్యాసాన్ని 0.886తో గుణిస్తే అదే వైశాల్యం గల చతురస్రపు భుజం వస్తుంది.

చార్టు వద్దు. ఎన్నికలప్పుడు స్తంభాలకు కట్టే ప్రచార బోర్డుల సన్‌ప్యాక్ షీటు తీసుకోండి. తడికి మెత్తబడదు, పాతది ఊరికే దొరుకుతుంది. దానిలో సన్నని గాళ్ళు ఒకే దిశలో ఉంటాయి. గాళ్ళు పలక వెడల్పు వెంబడి వచ్చేలా కోస్తే, పలక పొడవు దిశలో వంగుతుంది, వెడల్పు దిశలో బిగుసుగా ఉంటుంది. మనకు కావలసిన అడ్డబద్దలు షీటులోనే ఉన్నట్టు.

పలక మధ్యగీత గీసి దాని మీద దూరాలు గుర్తించండి. మొదట్లో పలక వెడల్పు 6.1 సెం.మీ. అక్కడి నుంచి 10.2 సెం.మీ. దూరంలో వెడల్పు 10.4. 20.9 దగ్గర 17.8. 32.8 దగ్గర 30.6. చివర 34.5 దగ్గర 33 సెం.మీ. ఈ బిందువులను నునుపైన వంపుగీతతో కలపండి. దూరాలు పదేసి కాకుండా కాస్త ఎక్కువగా ఎందుకున్నాయో గమనించారా? బాకా అక్షం వెంబడి పది సెంటీమీటర్లు పోతే, వాలుగా ఉన్న పలక మీద అంతకంటే ఎక్కువ దూరం నడవాలి. సన్న చివర అతుకు కోసం మరో 2 సెం.మీ. వదలండి. అలాంటివి నాలుగు పలకలు కోయండి.

పుస్తకాల బైండింగు గుడ్డను రెండు పక్కలా అంటించి పలకలను వరసగా మూడు అంచుల దగ్గర కలపండి. మడిచేటప్పుడు మొదటి మడత లోపలికి, రెండోది బయటికి, మూడోది మళ్ళీ లోపలికి పోతే నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడతాయి. నాలుగో అంచును కూడా కుట్టేస్తే మాత్రం బాకా మడతపడదు. గొట్టంలా అయ్యాక నొక్కితే వంపు అంచులు అడ్డం పడతాయి. నేను ఒకటి అలా పాడుచేశాను. నాలుగో అంచుకు పొడవునా వెల్క్రో పట్టీ వేయండి. ప్రెస్ బటన్లు పెడితే వాటి నడుమ గాలి కారుతుంది.

సన్న భాగానికి రేకుతోనో గట్టి అట్టతోనో 10 సెం.మీ. పొడవున, ఒక చివర 3.5, మరో చివర 6.1 సెం.మీ. భుజం ఉండేలా పలకల గొట్టం చేసి అంచులు పూర్తిగా అంటించేయండి. బాకా విప్పి నిలబెట్టాక ఈ ముక్కను పెద్ద మూతి లోపలి నుంచి దూర్చి సన్న చివర బయటికి లాగితే బిగుసుకుంటుంది. అయితే వాడేటప్పుడు ముఖానికి నొక్కితే అదే ముక్క లోపలికి జారుతుంది. అందుకని అతుకు మీద పాత సైకిల్ ట్యూబు ముక్కను రింగులా తొడగండి. జారకుండా ఉంటుంది, గాలీ కారదు. నోరు పెట్టే అంచుకు కూడా ట్యూబు ముక్క చీల్చి తొడిగితే రేకు కోసుకోదు. దవడ కదలడానికి చోటుండాలి కాబట్టి మరీ గట్టిగా అదుమవద్దు. మడిస్తే మొత్తం ఒక పరీక్ష అట్ట కంటే కొంచెం పెద్దగా, నాలుగు షీట్ల మందంతో ఉంటుంది.

పరీక్షించడం

తెల్లవారుజామున ఖాళీ మైదానంలో ఇద్దరు చాలు. ఒకరు కాగితం చూసి ఇరవై పేర్లు చదవాలి, దూరంగా ఉన్నవారు విన్నవి రాయాలి. వాక్యాలు వద్దు. వాక్యంలో సగం వినిపిస్తే మిగతా సగం మన మనసు పూరించుకుంటుంది. సగం పేర్లు మాత్రమే సరిగ్గా వచ్చే దూరం ఎంతో బాకా లేకుండా ఒకసారి, బాకాతో ఒకసారి అడుగులతో కొలవండి. రెండూ ఒకే గంటలో చేయాలి. ఉదయపు చల్లని గాలి నేలను అంటుకొని ఉన్నప్పుడు ధ్వని కిందికి వంగి దూరం పోతుంది. మధ్యాహ్నం నేల కాగినప్పుడు పైకి వంగిపోతుంది. ఎదురుగాలిలోనూ అంతే. పొద్దున బాకాతో, మధ్యాహ్నం ఉత్తి గొంతుతో కొలిస్తే వచ్చే గొప్పదనం సూర్యుడిది.

ఇంకో సంగతి మీకే తెలుస్తుంది. బాకా ఎదురుగా నిలబడితే పేరు స్పష్టంగా వినిపిస్తుంది, పక్కకు జరిగితే గొంతు వినిపిస్తుంది గాని పేరు తెలియదు. 'స', 'శ', 'చ' లాంటి హల్లుల్లో పై పౌనఃపున్యాలు ఎక్కువ. 3,000 హెర్ట్జ్ దగ్గర మన బాకా కిరణం స్థూలంగా ఇరువైపులా ఇరవై డిగ్రీల లోపే ఉంటుంది. అందుకని ఒకే దిక్కుకు పెట్టి పది సార్లు అరిచేకంటే, బాకాను మెల్లగా తిప్పుతూ ప్రతి దిక్కుకూ రెండుసార్లు పేరు చెప్పాలి. జనం ఒళ్ళు ధ్వనిని పీల్చుకుంటుంది కాబట్టి బల్ల ఎక్కి, తలల పైనుంచి పంపాలి.

తర్వాతి శివరాత్రికి మా విద్యార్థులు ఇలాంటివి రెండు పట్టుకొని వచ్చారు. ప్రభల బారు దగ్గర అవి ఎందుకూ కొరగాలేదు. ఆంప్లిఫయర్ల హోరు ముందు పది డెసిబెల్‌లు ఏ మూలకు! కొండకు ఇవతల, బస్సులు, బండ్లు నిలిపే చేల వైపు మాత్రం బాగా పనిచేశాయి. అక్కడ మైకులు లేవు, తప్పిపోయిన పిల్లల పెద్దలు చివరికి చేరేదీ అక్కడికే. ఆ రాత్రి ఇద్దరు పిల్లల పేర్లు అలా పిలిచాం. ఒకరి తండ్రి మూడో పిలుపుకే చేతిలో చెరుకు గడతో పరుగెత్తుకు వచ్చాడు. రెండో బాబు అమ్మమ్మ కోసం అరగంట పిలవవలసి వచ్చింది. ఆమెకు చెముడు. పక్కనున్నవాళ్ళు విని చెప్పారు.

అభ్యాసం: పురుషుల గొంతు మరికొంత నిండుగా వినిపించాలని హద్దును 250 హెర్ట్జ్‌కు మార్చారనుకోండి. సన్న మూతి 4 సెం.మీ.గానే ఉంచి పెద్ద మూతి వ్యాసం, పొడవు లెక్కించండి. (సుమారు 45 సెం.మీ., 54 సెం.మీ. రావాలి.) తర్వాత ప్రతి 10 సెం.మీ.కు చతురస్రపు భుజం లెక్కించి పలక గీయండి. మడిచాక అది మీ సంచిలో పడుతుందో లేదో కోయకముందే చూసుకోండి.